అమ్మవారు ఊరు దాటిందన్న ఏడు

శివరాత్రి ఇంకా ఇరవై రోజులు ఉందనగా మా ఊళ్ళో మగవాళ్ళంతా ఒక మాట మీదికి వచ్చారు. అమ్మవారు ఊరు దాటిపోయింది, ఇక ప్రభ కట్టుకోవచ్చు అని.

అమ్మవారంటే మశూచి. ఆ రోజుల్లో ఆ జబ్బును పేరు పెట్టి ఎవరూ అనేవాళ్ళు కాదు. "వాళ్ళింట్లో పోసింది" అని గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్ళు. ఇక ప్రభంటే కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రతి ఏడూ ఊరంతా కలిసి ఎడ్లబండి మీద కట్టి తీసుకుపోయే ఎత్తైన వెదురు కట్టడం. రంగు గుడ్డలు, అద్దాలు, గంటలు కట్టి, దాని వెనక ఇరవై ముప్ఫై బళ్ళలో ఆడా మగా పిల్లా పీచూ అంతా కదిలిపోయేవాళ్ళు. ఒక ఏడు ప్రభ వెళ్ళలేదంటే చుట్టుపక్కల ఊళ్ళ ముందు తలెత్తుకోలేమని మగవాళ్ళ బాధ.

రెండో ప్రపంచయుద్ధం ఇంకా ముగియలేదు. కిరసనాయిలు కార్డు మీద కొలిచి పోసేవాళ్ళు. నాకు పంతొమ్మిదేళ్ళు. ఎడ్లపాడు వైపు నుంచి నకరికల్లు అవతలున్న ఆ ఊరికి కోడలిగా వచ్చి మూడేళ్ళయింది. ఎనిమిది నెలల ఆడపిల్ల తల్లిని. ఆ చలికాలమంతా మా ఆయన పొగాకు బేరాల మీద పైఊళ్ళలోనే ఉన్నాడు. పుట్టింట్లో మా నాన్న నన్ను ఎనిమిదో తరగతి దాకా చదివించాడు. అత్తగారింట్లో ఆ చదువుతో ఎవరికీ పని పడలేదు, ఆ ఏడు వరకు.

ఆ చలికాలంలో జబ్బు మా ఊళ్ళో పది పన్నెండు ఇళ్ళలో దూరింది. పోసిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్ళు. ఆ ఇంట్లో తాలింపు వేసేవాళ్ళు కాదు, గుడ్డలు ఉతికేవాళ్ళు కాదు. చుట్టాలు కూడా ఆ గడప తొక్కేవాళ్ళు కాదు. మా అత్తయ్య మాత్రం తొక్కేది.

మా అత్తయ్య మొహమంతా స్ఫోటకపు మచ్చలే. పద్నాలుగో ఏట, పెళ్ళి కుదిరిన తర్వాత ఆమెకు పోసిందట. ముంతలో నీళ్ళూ జావా తీసుకుని ఆ ఇళ్ళకు పోయి, రోగుల పక్కన వేపాకుల మీద కూర్చుని విసిరేది. తడిగుడ్డతో కళ్ళు తుడిచేది. "నన్ను ఎప్పుడో చూసిపోయింది. మళ్ళీ నా జోలికి రాదు. నేను పోకపోతే ఇంకెవరు పోతారే?" అనేది. తిరిగొచ్చి దొడ్లోనే పసుపునీళ్ళు పోసుకుని, కోక మార్చుకుని లోపలికి వచ్చేది. ఎంత ముద్దొచ్చినా ఆ రోజుల్లో మనవరాల్ని ఎత్తుకునేది కాదు. గుమ్మం అవతల నిలబడి మాటలు చెప్పేది, అంతే.

మాఘమాసం వచ్చేసరికి పన్నెండు రోజులుగా కొత్తగా ఎవరికీ పోయలేదు. దాంతో ప్రభ మాట లేచింది. అందరూ మా అరుగు మీదే కూర్చున్నారు. మా మామయ్య ఊళ్ళో పెద్దరైతు. తగువు వచ్చినా పండగ వచ్చినా ఆయన మాట కోసం చూసేవాళ్ళు. సరిగ్గా ఆ రోజే నరసరావుపేట నుంచి టీకాల సాయిబు వచ్చాడు.

ఆయన సర్కారు తరఫున ఊరూరా తిరిగి టీకాలు వేసే మనిషి. నలభై ఏళ్ళుంటాయి. యుద్ధం మూలాన సైకిలు ట్యూబులు దొరక్క, టైరులో గుడ్డపేలికలు కుక్కి తొక్కుకుంటూ వచ్చేవాడు. వెనక కట్టిన చిన్న మట్టికుండలో తడిగుడ్డ, దాని మడతల్లో టీకా మందున్న గాజుగొట్టాలు. ఆయన సైకిలు ఊరి మొగలో కనపడితే చాలు, తల్లులు పిల్లల్ని గాదెల వెనక దాచేవాళ్ళు. కానీ మనిషంటే ఎవరికీ కోపం లేదు. ఏటా వస్తూ మా అత్తయ్యను అక్కా అనీ, మామయ్యను బావగారూ అనీ వరస కలుపుకున్నాడు.

నేను తలుపు వెనక పిల్లను ఊపుతూ నిలబడి అంతా విన్నాను.

"ఎందుకొచ్చావు సాయిబూ, ఇంక నీకిక్కడ పని లేదు" అన్నాడు మామయ్య. ఎగతాళిగా కాదు, నిజంగానే అలా నమ్మి. "మంట ఎండుగడ్డి ఉన్నంతసేపే. పన్నెండేళ్ళ కింద వచ్చినప్పుడు ఇల్లిల్లూ తిరిగింది. అప్పుడు మిగిలినోళ్ళకు ఈ ఏడు వచ్చింది. ఇంకెవుర్ని పట్టుకుంటది? ఊళ్ళో గడ్డి అయిపోయింది."

అరుగు మీది వాళ్ళంతా అవునన్నారు.

టీకాల సాయిబు నవ్వలేదు, కొట్టిపారేయలేదు. మంచినీళ్ళు తాగి, చెంబు పక్కన పెట్టాడు. "మీరన్నది అబద్ధం కాదు బావగారూ. మా పెద్ద డాక్టర్లూ అదే అంటారు. వచ్చి తగ్గినోళ్ళు, టీకా పడినోళ్ళు చుట్టూతా ఉంటే, మధ్యలో ఒకళ్ళో ఇద్దరో ఉత్త మనుషులున్నా దానికి దారి దొరకదు. ఆగిపోద్ది."

"మరింకేంది?"

"ఊరంతా కలిపి చూస్తే గడ్డి లేదు. ఒక మూల గడ్డివామి ఉంటే? ఆ మూలలన్నీ ఎవరన్నా తిరిగి చూశారా?"

"పన్నెండు రోజులైంది కదయ్యా, ఒక్కళ్ళకన్నా పోసిందా?" అన్నాడు అక్కడున్న ఒకాయన.

"లోపల పడి బయటికి కనపడటానికే పన్నెండు పదమూడు రోజులు పడుద్ది. ఇప్పుడే సంబరపడమాకండి."

మాట పెరిగింది. ప్రభ ఆపడానికే సర్కారు పంపిందని ఒకరు, టీకాలు ఇన్ని వేశానని రాసుకోవడానికి వచ్చాడని ఇంకొకరు అన్నారు. మామయ్య చెయ్యెత్తి వాళ్ళను ఆపాడు. "నువ్వు చూశావా సాయిబూ? చూడకుండా నువ్వు ఉందంటున్నావు, చూడకుండా నేను లేదంటున్నాను. ఇద్దరం ఒకటే గదా" అన్నాడు.

ఆ ఒక్క మాటకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

"అయితే లెక్క తీద్దాం. ఇల్లిల్లూ తిరిగి, వచ్చి తగ్గినోళ్ళెవరో, టీకా మచ్చ ఉన్నోళ్ళెవరో, ఏదీ లేనోళ్ళెవరో రాద్దాం" అన్నాడు సాయిబు. "కానీ నన్ను లోపలి గదుల్లోకి ఎవరు రానిస్తారు? బాలింతలుంటారు, కొత్త కోడళ్ళుంటారు. రాయడం వచ్చిన ఆడమనిషి కావాల."

ఊళ్ళో రాయడం వచ్చిన ఆడమనిషిని నేనొక్కదాన్నే. మూడేళ్ళలో మామయ్య ఎదుట నేను నోరు విప్పి ఎరగను. ఏం కావాలన్నా అత్తయ్యతో చెప్పేదాన్ని. ఆ రోజు ఎలా వచ్చిందో ధైర్యం, తలుపు చాటునుంచే "నేను రాస్తాను మామయ్యా" అన్నాను. నా గొంతు నాకే పరాయిదిలా వినిపించింది.

అరుగు మీద తలలన్నీ ఇటు తిరిగాయి. ఇంతలో వంటింట్లోంచి అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అది రాసుద్ది, నేను తోడు పోతా. లెక్కే గదా, దొంగతనమా?" అంది.

లెక్క తీస్తే తన మాటే నిజమవుతుందని మామయ్యకు ఎంత నమ్మకమో, "పోండి. ఒక్క ఇల్లు కూడా వదలమాకండి" అన్నాడు.

పిల్లను పక్కింటి పిన్నికి అప్పగించి, రెండు రోజులు ఊరంతా తిరిగాం. సాయిబు ఇచ్చిన నోటుపుస్తకంలో ప్రతి పేజీని మూడు గళ్ళు చేశాను. నేను గుమ్మంలో కూర్చుంటే అత్తయ్య లోపలికి పోయి, మనుషుల్ని వెలుతుర్లోకి తెచ్చి, మొహాలూ భుజాలూ చూసి కేకేసేది. "ఇది వచ్చి తగ్గింది. ఈ పిల్లకు ఏదీ లేదు, రాసుకో."

అంతకు ముందు మచ్చల మొహమంటే సిగ్గుపడాల్సిన సంగతి. ఆ రెండు రోజుల్లో మాత్రం అది తిరగబడింది. మచ్చలతో పెళ్ళి ఆలస్యమైన ఒక కోడలు, ఇంట్లో ఎప్పుడూ కొంగు మొహం మీదికి లాక్కుని తిరిగేది. అత్తయ్య ఆమె గడ్డం పట్టుకుని ఎత్తి, "నీకేం భయం లేదు తల్లీ. ఈ ఇంట్లో ఎవురికన్నా పోస్తే దగ్గర కూర్చోగలిగేదానివి నువ్వొక్కదానివే" అంది. ఆ అమ్మాయి అత్తగారు పక్కనే ఉంది. ఆమె కోడలి వంక కొత్తగా చూడటం నేను చూశాను. మరో ఇంట్లో ఒక తల్లి ముగ్గురు పిల్లల్ని వరిగడ్డి వామి వెనక దాచింది, టీకా వేస్తారేమోనని. సూది లేదు, పుస్తకమే ఉందని చూపిస్తే గానీ వాళ్ళను బయటికి రానివ్వలేదు.

రెండోనాడు మధ్యాహ్నం ఒక వేపచెట్టు కింద సద్ది తింటూ, అత్తయ్యను అడిగాను. "పెళ్ళి కుదిరాక పోసిందన్నారు గదా అత్తయ్యా. మరి సంబంధం తప్పిపోలేదా?"

"మా నాయనే కబురంపాడు, పిల్ల మొహం పాడైంది, మీ ఇష్టం అని. మీ మామయ్య బండి కట్టుకుని తనే వచ్చాడు. వాకిట్లో నిలబడి, కళ్ళు కనపడుతున్నాయా అని అడిగాడు. కనపడుతున్నాయన్నారు. అయితే ముహూర్తం మార్చమాకండి అని వెళ్ళిపోయాడు." అత్తయ్య ముద్ద మింగి నవ్వింది. "మొండి మనిషే. కానీ ఆ మొండితనం వల్లే నేనీ ఇంట్లో ఉన్నా."

లెక్క చాలా వరకు మామయ్య చెప్పినట్టే వచ్చింది. పాత వీధుల్లో పెద్దవాళ్ళలో ఏదీ లేనివాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. పసిపిల్లలు ఉన్నారు గానీ ఇంటికొకరో ఇద్దరో, చుట్టూ వచ్చి తగ్గినవాళ్ళే. నేను కూడా మామయ్యే గెలిచాడనుకున్నాను. ఊరి చివర రాళ్ళు కొట్టేవాళ్ళ గుడిసెల్లోకి అడుగుపెట్టే వరకు.

ఆ గుడిసెల వాళ్ళు ఆరేడేళ్ళ కింద కృష్ణ అవతలి నుంచి నాపరాళ్ళ పని కోసం వచ్చిన వాళ్ళు. ఒక గుడిసె తర్వాత ఒక గుడిసె చూస్తూ పోయాం. మూడో గడి నిండిపోతోంది. ముసలివాళ్ళు ఇద్దరు తప్ప ఎవరి మొహాన మచ్చ లేదు, ఎవరి చేతి మీదా టీకా లేదు. వాళ్ళ ఊళ్ళకు టీకాల మనిషి ఎప్పుడూ రాలేదట. ఇక్కడికి వచ్చాక, ఊరికి ఎడంగా ఉన్నారని ఎవరూ పిలవలేదట. ఆ పిల్లలు రోజూ పొద్దున్నే మజ్జిగకు మా ఇంటికే వచ్చేవాళ్ళు. నా కూతురితో వాకిట్లో ఆడేవాళ్ళు.

సాయంత్రం అరుగు మీద అందరి ముందూ నేనే చదివాను. పాత వీధుల పేజీలు చదువుతున్నంతసేపూ అందరూ తల ఊపారు. గుడిసెల పేజీ వచ్చేసరికి ఊపడం ఆగిపోయింది.

"అదీ వామి" అన్నాడు మామయ్య, నేను చదవడం ఆపాక.

"మీరన్నది తప్పు కాలేదు బావగారూ. ఊరు చానా వరకు తీరింది. ఈ ఒక్క మూల తీరలేదు" అన్నాడు సాయిబు. "ప్రభ కదిలితే ఈ పిల్లలంతా మీ బళ్ళలోనే ఎక్కుతారు. లక్ష మంది తిరునాళ్ళలో కలుస్తారు. ఇక్కడ లేకపోయినా అక్కడ అంటుకుని ఇంటికి తెచ్చుకుంటారు."

"గుడిసెలోళ్ళకు వెయ్యి. నేను చెప్తా వాళ్ళకు" అన్నాడు మామయ్య. "నా మనవరాలికి మాత్రం వద్దు."

అందరూ వెళ్ళిపోయాక ఆయన ఎందుకలా అన్నాడో సాయిబుకు చెప్పాడు. నాకూ అప్పుడే తెలిసింది. మా ఆయనకు ఒక అన్న ఉండేవాడట. ఊళ్ళో జబ్బు తిరుగుతుంటే ఆరేళ్ళ ఆ పిల్లవాడికి మామయ్యే దగ్గరుండి టీకా వేయించాడు. అయిదో రోజున ఒళ్ళు కాలింది. తర్వాత పోసింది. బతకలేదు. "నా చేత్తో నేనే పట్టుకున్నా వాణ్ణి" అన్నాడు మామయ్య.

సాయిబు తల వంచుకుని విన్నాడు. "టీకా వల్ల పోలేదు బావగారూ. అప్పటికే అది లోపల పడింది. మూడు నాలుగు రోజులు ముందు వచ్చుంటే టీకా దాన్ని దాటుకుని ముందు పడేది. మేం ఆలస్యంగా వచ్చినాం. అందులో మీ తప్పేం లేదు. మాదే."

ఇరవై ఏళ్ళ నుంచి ఆయనకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. మామయ్య లేచి కండువా భుజాన వేసుకుని చేలవైపు వెళ్ళిపోయాడు.

తెల్లవారి గుడిసెల నుంచి కబురు వచ్చింది. ఒకామెకు మూడు రోజులుగా జ్వరం, ఇప్పుడు మొహం మీద తేలుతున్నాయని. లెక్కకు పోయినప్పుడు మామూలు జ్వరమేననుకుని మాకు చెప్పలేదట. జబ్బు ఉన్న ఆఖరి ఇంట్లో ఆమె కూలికి పోయి నేల అలికిందట. సాయిబు చెప్పిన పన్నెండు పదమూడు రోజుల లెక్క అక్షరాలా సరిపోయింది. అరుగు మీద ప్రభ మాట ఇంక ఎవరూ ఎత్తలేదు.

అత్తయ్య అప్పటికప్పుడు రెండు కోకలు, ఒక చాప మూటగట్టుకుంది. "ఈసారి రోజూ ఇంటికి రాను. చంటిదుంది. అంతా తగ్గి నీళ్ళు పోసుకున్నాకే వస్తా" అని నాతో చెప్పి గుడిసెలకు వెళ్ళిపోయింది. సాయిబు తన దగ్గరున్న గొట్టాలతో ఆ గుడిసెలో వాళ్ళకూ, పక్క గుడిసెల వాళ్ళకూ టీకాలు వేశాడు. మందు అయిపోయింది. ఆ పేలికల టైర్ల మీదే నరసరావుపేట పోయి, మర్నాడు మధ్యాహ్నానికి మళ్ళీ కుండ నింపుకుని వచ్చాడు. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. అన్నం తినమంటే పని అయ్యాకే అన్నాడు.

మిగతా గుడిసెల వాళ్ళు మొదట దగ్గరికి రానివ్వలేదు. "మా పోరగాండ్లకు సూది పొడిస్తే ఏమైతదో ఏమో సారూ, మాకొద్దు" అన్నాడు వాళ్ళ పెద్ద. చెప్పి చూసిన మామయ్య అంత దూరంలో నిలబడి వింటున్నాడు. నేను పుస్తకం పట్టుకుని సాయిబు పక్కన ఉన్నాను. అప్పుడు నాకేం తోచిందో, మామయ్య దగ్గరికి నడిచాను. తలుపు చాటు లేదు, అత్తయ్య పక్కన లేదు.

"మామయ్యా, పాపకు టీకా వేయిస్తాను."

"నన్నడగమాక" అన్నాడు ఆయన, ఎటో చూస్తూ.

"అడగట్లేదు మామయ్యా. చెప్తున్నాను."

ఆయన కళ్ళు నా వైపు తిప్పాడు. తిడతాడనుకున్నాను. గబగబా ఇంటి దారి పట్టాడు. అయిపోయింది, ఇంక నేను పుట్టింటికి పోవాల్సిందే అనుకుంటూ నిలబడ్డాను. కాసేపటికి అదే దారిన తిరిగి వచ్చాడు. చంకలో నా కూతురుంది.

నేను చేతులు చాపితే ఇవ్వలేదు. "నువ్వు పట్టుకుంటే కదులుద్ది. నేను పట్టుకుంటా" అని అక్కడే రాతిబండ మీద కూర్చున్నాడు. పిల్లను ఒళ్ళో పెట్టుకుని, దాని ఎడమచేయి సాయిబు వైపు చాపాడు. సాయిబు చిన్న చక్రంలాంటి సూదిని మందులో ముంచి, లేత చర్మం మీద పెట్టి తిప్పాడు. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. మామయ్య పెదవులు బిగబట్టి ఆ చేతిని కదలకుండా పట్టుకునే ఉన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరగడం అందరూ చూశారు. ఆయన తుడుచుకోలేదు.

గుడిసెల పెద్ద ముందుకొచ్చాడు. "దొరే మనవరాలికి ఏపించిండు. ఇగ మనకేంది, రాండ్రి" అని తన వాళ్ళను పిలిచాడు. ఒకరి వెనక ఒకరు వచ్చి నిలబడ్డారు. పొద్దు వాలే వరకు నేను పేర్లు రాస్తూనే ఉన్నాను.

తర్వాతి వారం నా బతుకులో అన్నిటికన్నా పొడుగైన వారం. నాలుగో రోజుకు పిల్ల చెయ్యి ఎర్రబడింది. అయిదో రోజున ఒళ్ళు వెచ్చబడింది. మామయ్య పొలం పోలేదు. ఉయ్యాల పక్కన నులకమంచం వాల్చుకుని, గంటకోసారి పిల్ల నుదురు ముట్టి చూసేవాడు. "మొహాన ఏమన్నా తేలినాయా చూడమ్మాయ్" అని నన్నడిగేవాడు. అంతకుముందు మూడేళ్ళలో ఆయన నాతో అన్ని మాటలు ఆడలేదు. ఎనిమిదో రోజున టీకా వేసినచోట గింజల్లాంటి పొక్కులు ఉబ్బాయి గానీ, జ్వరం దిగిపోయింది. ఒంటి మీద ఇంకెక్కడా ఏమీ లేదు. చూడటానికి వచ్చిన సాయిబు, "టీకా బాగా పొంగింది బావగారూ. ఇంక ఈ పిల్లకు భయం లేదు" అన్నాడు. మామయ్య ఉయ్యాల తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

గుడిసెల్లో ఆ మొదటామె బతికింది, ఒక కన్ను పోయింది. ఆమెతోపాటు అదే గుడిసెలో ఉన్న ఆమె మామ, టీకా వేసేసరికే లోపల పడిందేమో, చనిపోయాడు. ఇంకో ఇద్దరికి తేలిగ్గా పోసి తగ్గింది. అక్కడితో ఆగింది. అన్ని గుడిసెలు, అంతమంది పిల్లలు, అక్కడితో ఆగింది. ఇప్పుడు తలుచుకున్నా గుండె నిండిపోతుంది.

ప్రభ కట్టడం లేదని మామయ్యే ఊరందరికీ చెప్పాడు. సణిగినవాళ్ళతో, "తప్పు నాదేననుకోండి. మొదట తీరిందన్నది నేనే" అన్నాడు. శివరాత్రి నాడు ఊళ్ళో ఎవరిళ్ళల్లో వాళ్ళు ఉపవాసాలుండి, సాయంత్రం రాళ్ళగుట్ట ఎక్కారు. మబ్బు లేని రోజు కావడంతో దూరంగా కొండ శిఖరాలు నీలంగా కనపడ్డాయి. ఎవరికి వాళ్ళు అక్కణ్ణుంచే చేతులెత్తి మొక్కారు. గుడిసెల పిల్లలు చేతులకు ఎండిన పెచ్చులతో మా మధ్యే గెంతుతూ తిరిగారు. వద్దని ఎవరూ అనలేదు.

అత్తయ్య మరో మూడు వారాలకు ఇంటికి వచ్చింది. చిక్కి సగమైంది. దొడ్లో నేనే వేపనీళ్ళు కాచి ఆమెకు తలంటుపోశాను. తడి తల తుడుచుకుంటూ మొదట ఆమె అడిగింది పిల్లనే. ఒళ్ళో వేసుకుని, చేతి మీది మచ్చల్ని వేలితో తడిమి చూసి, "మంచి పని చేశావే. నేనుంటే ఆయన్ను అంత మాట అనగలిగేదాన్ని కాదేమో" అంది. ఆమె గుడిసెల్లో ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లోనూ మానేసిన తాలింపు ఆ రోజు వేశాను. నెయ్యి వేసి అత్తయ్యకు అన్నం కలిపి పెట్టాను. ఆమె తింటుంటే మామయ్య వంటింటి గుమ్మం దాకా వచ్చి, "ఇంకొంచెం పెట్టు ఆమెకు" అని నాతో చెప్పి వెళ్ళాడు.

తర్వాతి ఏడు టీకాలకు వేరే కుర్రాయన వచ్చాడు. మామయ్య అరుగు మీంచి లేచి ఎదురువెళ్ళి, "ముందాయన ఏడీ?" అని అడిగాడు. బదిలీ అయిందట, ఏ ఊరికో తనకు తెలియదన్నాడు. మామయ్య మొహం చిన్నబోయింది. కాసేపయ్యాక, "మంచినీళ్ళు తాగి రా. ముందు గుడిసెల్లోకి పోదాం, పుస్తకం మా కోడలు రాసుద్ది" అన్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు, ఊళ్ళో ఎవరికి పిల్ల పుట్టినా నా పుస్తకంలో పేరు రాయించుకుని వెళ్ళేవాళ్ళు.

అత్తయ్యా మామయ్యా పోయి చాలా కాలమైంది. వాళ్ళ రుణం నేను కొంత తీర్చుకున్నాను, ఆఖరి రోజుల్లో దగ్గరుండి చేశాను. టీకాల సాయిబు సంగతి అలా కాదు. ఆడవాళ్ళం మగవాళ్ళతో అంతగా మాట్లాడే రోజులు కావు. పుస్తకం పట్టుకుని ఆయన వెనక అన్ని రోజులు తిరిగాను గానీ, పేర్లు చదవడం తప్ప ఆయనతో ఒక్క సొంత మాట ఆడలేదు. మీ వల్ల నా బిడ్డ నాకు దక్కిందని చెప్పాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. ఆ బిడ్డకు ఇప్పుడు మనవలున్నారు. ఆయన లేకపోయినా, ఆయన పిల్లలో మనవలో ఎక్కడో ఉంటారు. వాళ్ళకైనా చేరుతుందేమోనని ఆ మాట ఇక్కడ రాశాను.